తుప్పు పట్టిందని దాచిన రియాక్టర్

మన్సూరాబాద్‌లో మా కాలనీ వాళ్లకు నేను ఇన్నేళ్లు ఏ ఉద్యోగం చేశానో సరిగ్గా తెలియదు. ఎదురింటావిడ సబ్బుల కంపెనీ అనుకుంటుంది. పాలు పోసే అతను మందుల కంపెనీ అనుకుని, మోకాళ్ల నొప్పులకు ఏం వాడాలో అడుగుతూ ఉంటాడు. ఒకసారి ధైర్యం చేసి, మా వీధి చివర ఉండే రిటైర్డ్ మేష్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "మా కంపెనీలో విషవాయువులు తయారు చేయడం లేదని నిరూపించడం నా ఉద్యోగమండీ," అన్నాను. ఆయన, "తయారు చేయనప్పుడు నిరూపించడం ఎందుకమ్మా?" అన్నారు. నా ఉద్యోగం గురించి అంతకంటే మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. జీతం ఇచ్చినవాళ్లు కూడా అడగలేదు.

ఇప్పుడు కెమిస్ట్రీ చదివిన పిల్లలు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. ఏసీ గది, కంప్యూటరు, మధ్యమధ్యలో ఢిల్లీ ప్రయాణం, యాసిడ్ వాసన లేని బట్టలు. ఇవన్నీ నిజమే. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి ఇందులో ఉండవు. వాటి వల్ల నేనేమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నదంతా పనికిరాని ఒక పాత రియాక్టర్ వల్ల, దాన్ని చూసి సిగ్గుపడిన ఒక యజమాని వల్ల, దాని మూలంగా దొంగ అనిపించుకున్న ఒక సూపర్వైజర్ వల్ల.

చుట్టరికం

భాస్వరం పేరు వినగానే భయపడాల్సిందేమీ లేదు. మన ఎముకల్లో ఉంది, పొలంలో చల్లే ఎరువులో ఉంది, అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే పట్టీలో ఉంది. కాకపోతే ఎవరితో జట్టు కడితే వాళ్ల బుద్ధి పట్టుకునే రకం. ఒక రకంగా కలిస్తే పత్తి చేలో పురుగుమందు అవుతుంది. ఇంకో రకంగా కలిస్తే ప్లాస్టిక్‌కు మంట అంటుకోకుండా కాపాడుతుంది. మరీ చెడ్డ సావాసం పడితే, మనిషి నరాలను పట్టేసి ఊపిరి ఆపేసే విషం అవుతుంది. దాన్ని ప్రయోగించిన చోట జనం పిల్లాజెల్లాతో సహా ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. నా ఉద్యోగాన్ని నేను ఎంతైనా ఎగతాళి చేస్తాను కానీ ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం చేయను.

అందుకే ప్రపంచంలోని దేశాలు దాదాపు అన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. అలాంటి ఆయుధాలు తయారు చేయకూడదు, దాచకూడదు. ఉన్నవి నాశనం చేయాలి. ఆ విషానికి చుట్టరికం ఉన్న సరుకు తయారు చేసే ఫ్యాక్టరీలు, మామూలు పురుగుమందుల కోసమే అయినా సరే, తమ దగ్గర ఏముందో ఢిల్లీలోని ప్రభుత్వానికి ముందుగా చెప్పాలి. చెప్పినట్టే ఉందో లేదో చూడడానికి విదేశాల నుంచి తనిఖీ బృందం వస్తుంది.

మా ఫ్యాక్టరీ విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక కాస్త లోపలికి ఉండేది. పురుగుమందుల కంపెనీలకు కావలసిన భాస్వరం సరుకు చేసేవాళ్లం. మాకు అప్పటిదాకా తెలిసిన తనిఖీలు వేరు. మన దగ్గర తనిఖీ అంటే పెళ్లిచూపులే. ముందు రోజు గోడలకు సున్నం, కుండీల్లో అప్పుడే నాటిన బంతి మొక్కలు, వాచ్‌మన్‌కు ఇస్త్రీ బట్టలు. వచ్చినాయన జీడిపప్పు తింటూ చూడవలసిన వైపు చూసి, చూడకూడని వైపు చూడకుండా వెళ్లిపోతారు. ఇరుపక్షాలకూ మర్యాద దక్కుతుంది.

విదేశీ బృందం తనిఖీకి ఈ మర్యాదలు పనికిరావు. తుప్పు ఉందని చెప్పి తుప్పు చూపిస్తే వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. తుప్పు ఉందని చెప్పి కొత్త ఇత్తడి చూపిస్తే కంగారుపడతారు. ఈ ఉద్యోగంలో అర్థం చేసుకోవలసిన శాస్త్రం అంతా ఇదే. దీన్ని మా ఎండీ గారికి అర్థం చేయించడానికి నేను చేసిన ప్రయత్నం గురించి ఇప్పుడు చెబుతాను.

మోడల్ పేపర్

మా ఎండీ గారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఎంసెట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి పైకి వచ్చిన మనిషి. మా గుంటూరు వైపు వారే. ఆయన పాఠం చెబితే పెద్ద హాలులో ఫ్యాన్ల చప్పుడు కూడా వినపడేది కాదని ఆయన పాత విద్యార్థులు చెప్పేవారు. తెలివైనవారు, కష్టపడేవారు, జీతాలు వేళకు ఇచ్చేవారు. ఆయన చాక్‌పీసు వదిలి ఫ్యాక్టరీ పెట్టినా, కోచింగ్ మాత్రం ఆయన్ని వదల్లేదు. ప్రపంచంలో ఏ సమస్యకైనా కొన్ని ఇంపార్టెంట్ ప్రశ్నలు ఉంటాయని, వాటి జవాబులు కంఠతా పడితే గట్టెక్కుతామని ఆయన గట్టి నమ్మకం.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులవి. వారంలో ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బస్సు ఉంటుందో తెలిసేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, విదేశీ బృందం మా ఫ్యాక్టరీకి వస్తోందని ఢిల్లీ నుంచి కబురు వచ్చింది. ఈ కబురు కొద్ది రోజుల ముందే వస్తుంది. ఏమీ మార్చే వ్యవధి ఉండకూడదనే అలా పెట్టారు. మా ఎండీ గారు మాత్రం దాన్ని ప్రిపరేషన్ హాలిడేస్ కింద లెక్కేశారు.

క్యాంటీన్ గోడకు బోర్డు తగిలించారు. షిఫ్టు దిగిన వాళ్లను దిగినట్టే కూర్చోబెట్టి కోచింగ్ మొదలుపెట్టారు. వాళ్లు అడగబోయే ప్రశ్నలు, మేము చెప్పవలసిన జవాబులు, అన్నీ ఇంగ్లీషులో.

నేను ఆయన గదిలోకి వెళ్లి చెప్పాను. "సర్, వాళ్లు మార్కులు వేయడానికి రావడం లేదండీ. మనం చెప్పింది నిజమో కాదో చూసి వెళ్లిపోతారు."

"శారద గారూ, మీరు చిన్నప్పటి నుంచీ ఫస్ట్ క్లాసు. మీకు పరీక్ష భయం తెలియదు. మిగతావాళ్ల గురించి ఆలోచించండి," అన్నారాయన.

"భయం దేనికండీ? మనం తప్పేమీ చేయడం లేదు కదా."

"తప్పు చేయనివాడు కూడా ఫెయిలవుతాడమ్మా. నేను ఎంతమందిని చూడలేదు?"

దిల్‌సుఖ్‌నగర్‌లో అది నిజమే.

మోడల్ పేపర్లో అన్నిటికంటే ఇంపార్టెంట్ ప్రశ్న, "మీరు ఇక్కడ ఏం తయారు చేస్తారు?" దానికి జవాబు, "ఓన్లీ ఫర్ పీస్‌ఫుల్ పర్పస్, సర్." అంటే, శాంతియుత అవసరాల కోసమే అని. బాయిలర్ దగ్గర మనిషి నుంచి తోటమాలి దాకా అందరూ దీన్ని బట్టీ పట్టారు. రెండు రోజులపాటు ఫ్యాక్టరీలో ఎవరు ఎవరిని ఏమడిగినా ఇదే జవాబు. టీ ఎందుకు ఆలస్యమైందంటే కూడా పీస్‌ఫుల్ పర్పస్సే.

జోసెఫ్

ఈ కోచింగ్‌కు రానివాడు ఒక్కడే. ప్రొడక్షన్ సూపర్వైజర్ జోసెఫ్. నల్గొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాడు. భార్య మరియమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆదివారం చర్చి, మిగతా రోజులు మా ప్లాంటు, ప్లాంటు అయిపోగానే ఉద్యమం. మా కార్మికులందరినీ ధర్నాలకు పోగేసేది అతనే. ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు కాబట్టి హైవే పొడవునా అందరికీ తెలుసు.

నాతో మాత్రం వేళాకోళమే. "తెలంగాణ ఒస్తె మీకు వీసా నేనే ఇప్పిస్త మేడం. పరేషాన్ గాకుండ్రి," అనేవాడు.

"ముందు ఆ మాస్కు పెట్టుకో. వీసా సంగతి తర్వాత చూద్దాం," అనేదాన్ని నేను.

"మీ ఆంధ్రోళ్లు మా నోరు మూస్తనే ఉంటరు," అని నవ్వుతూ మాస్కు పెట్టుకునేవాడు. కోపం లేదని ఇద్దరికీ తెలుసు. కొన్ని రోజులు మాత్రం, టీవీలో ఏదో చూసి వచ్చిన ఉదయాల్లో, ఇద్దరం జోకులు మానేసి పని మాటలే మాట్లాడుకునేవాళ్లం.

ఎండీ గారు ఉద్యమకారుణ్ణి భరించడానికి కారణం ఉంది. బంద్ రోజు మా సరుకు లారీ ఎల్బీనగర్ చౌరస్తా దాటాలంటే డ్రైవర్ పక్కన జోసెఫ్ కూర్చోవాలి. అతన్ని చూస్తే దారి ఇచ్చేవాళ్లు. ఏ పర్మిట్‌కూ అంత విలువ లేదు.

ఇక రియాక్టర్ గురించి. రియాక్టర్ అంటే రసాయనాలు కలిపి ఉడికించే పాత్ర. మనిషికి రెండింతల ఎత్తున్న, లోపల గాజు పూత పూసిన గుండిగ అనుకోండి. మా ఆరో నంబరు రియాక్టర్‌కు ఆ పూత పగిలిపోయి చాలా కాలమైంది. కడిగి, పైపులు మూసేసి, దిమ్మె మీద అలాగే వదిలేశాం. పైన తుప్పు, కింద బూజు. షిఫ్టు వాళ్లు దాని మూత తీసి లోపల పేకముక్కలు, ఒక రేడియో దాచుకునేవాళ్లు. నాకు తెలుసు. చూడనట్టు ఉండేదాన్ని. ఢిల్లీకి పంపిన వివరాల్లో మాత్రం, ఆరు రియాక్టర్లు ఉన్నాయి, ఆరోది పని చేయడం లేదు అని స్పష్టంగా చెప్పాను.

ఆ తుప్పు ఎండీ గారిని పీడించింది. విదేశీయులు దాన్ని ఫోటో తీస్తారని, ప్రపంచమంతా చూస్తుందని బెంగ పెట్టుకున్నారు. రంగు వేయిస్తానన్నారు, వద్దన్నాను. గుడ్డ కప్పిస్తానన్నారు, అస్సలు వద్దన్నాను. "సరేలెండి," అన్నారు. అంత సులువుగా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఖాళీ దిమ్మె

ఆ రోజు బృందాన్ని తీసుకురావడానికి నేను విమానాశ్రయానికి వెళ్లాను. ఎల్బీనగర్ వైపు బంద్ అని తెలుసు కాబట్టి రింగు రోడ్డు మీదుగా తెచ్చాను. బృందానికి పెద్ద ఒక పొడవాటి ఆవిడ. పొట్టి తెల్లజుట్టు, నవ్వని మొహం. వాళ్ల వెంట ఢిల్లీ నుంచి మన ప్రభుత్వ అధికారి ఒకాయన వచ్చారు. వాళ్లు చూడవలసింది చూపించడం, చూడకూడనిది చూడకుండా అడ్డుకోవడం, రెండూ ఆయన పనే. ప్రతి రెండో వాక్యంలో దేశ ప్రతిష్ఠ అనేవారు.

కాన్ఫరెన్స్ గదిలో టీ అయ్యాక ప్లాంటులోకి నడిచాం. పెద్దావిడ దారిలో కనిపించిన క్యాంటీన్ వంటమనిషిని మర్యాదగా పలకరించి, మధ్యాహ్నం భోజనంలోకి ఏం చేస్తున్నారని అడిగింది. అతను చేతులు కట్టుకుని, "ఓన్లీ ఫర్ పీస్‌ఫుల్ పర్పస్, సర్," అన్నాడు. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ తర్వాత పలకరించిన పంపు ఆపరేటరూ అదే అన్నాడు. తోటమాలి అడగకముందే అన్నాడు. ఆవిడ రాసుకుంటూనే ఉంది. ఎండీ గారు గర్వంగా నా వైపు చూశారు.

ఒకటి, రెండు, మూడు అంటూ రియాక్టర్లు చూసుకుంటూ చివరికి వచ్చాం. ఆరో దిమ్మె మీద ఏమీ లేదు. అప్పుడే గ్యాస్ కట్టర్‌తో కోసిన బోల్టులు నాలుగు మెరుస్తున్నాయి. కోసిన వాసన ఇంకా పోలేదు.

పెద్దావిడ చేతిలోని ప్లాంటు పటం చూసింది, దిమ్మె చూసింది, మళ్లీ పటం చూసింది. "ఇది ఎక్కడ?" అని అడిగింది.

నేను ఎండీ గారిని పక్కకు తీసుకెళ్లాను. "ఏం చేశారండీ?"

"పొద్దున్నే క్రేన్ పెట్టి లారీ ఎక్కించానమ్మా. మీ మన్సూరాబాద్‌లోనే, మా బావమరిది ఖాళీ ప్లాటు ఉంది కదా, అక్కడ దింపమన్నాను. బంద్ కదా అని జోసెఫ్‌ను తోడిచ్చి పంపాను. వీళ్లు వెళ్లగానే తెచ్చేస్తాం. పరీక్షకు వెళ్తూ చిరిగిన చొక్కా వేసుకుంటామా?"

రసాయన ఆయుధాల ప్రపంచంలో ఇంతకంటే ఘోరమైన సంగతి ఉండదు. గాజు పూత ఉన్న పాత్ర అంటే ఎంత ఘాటు రసాయనాన్నయినా తట్టుకునేది. అలాంటిది, తనిఖీ రోజు ఉదయమే, భాస్వరం ఫ్యాక్టరీ నుంచి మాయం. దొంగల ముఠాలు కూడా ఇంత అనుమానంగా ప్రవర్తించవు. "ఉన్నది ఉన్నట్టు ఇప్పుడే చెప్పేయండి సర్. తుప్పు చూసి సిగ్గేసిందనండి. నవ్వుకుంటారు, అంతే," అన్నాను.

ఆయన తల ఊపారు. వెనక్కి వెళ్లి, బృందం ఎదుట నిలబడ్డారు. ఆ ప్రశ్న మోడల్ పేపర్లో లేదు. "స్టోలెన్," అన్నారు. మా సూపర్వైజర్ ఒకడు ఉన్నాడు, రాష్ట్రం కోసం జరిగే ఆందోళనల్లో తిరుగుతుంటాడు, వాడు దొంగిలించుకుపోయాడు, ఇప్పుడే మాకు తెలిసింది అన్నారు. అన్న మాటకు బలం ఉండాలని అక్కడికక్కడే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ కూడా చేసేశారు.

ఢిల్లీ అధికారి మొహం మారిపోయింది. "ఆందోళనకారుడా? ఇలాంటి పరికరమా?" అని ఆయన కూడా ఫోన్ తీసి పైవాళ్లతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన మాటల్లో మామూలు దొంగతనం కాస్తా ముందు కుట్ర అయింది, తర్వాత ఉగ్రవాదం అయింది. ఎండీ గారు ఒక తుప్పును దాచబోయి, ఒక మనిషిని ఏళ్ల తరబడి జైల్లో పెట్టే మాట అనేశారు. ఆ సంగతి ఆయనకు కూడా అప్పుడే అర్థమవుతున్నట్టుంది. నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఒళ్లు మండిపోయింది.

స్పీకర్‌లో ఫోను

బయటికి వచ్చి జోసెఫ్‌కు ఫోన్ చేశాను. అవతల డప్పుల చప్పుడు, మైకులో పాట.

"ఎక్కడున్నావు జోసెఫ్?"

"ఎల్బీనగర్ చౌరస్తల ఇరుక్కున్న మేడం. వంటావార్పు నడుస్తుంది. లారీ ముందటికి పోదు, ఎనకకు రాదు. మనోళ్లు రియాక్టర్ మీదికెక్కి ఉపన్యాసాలు ఇస్తున్నరు."

వంటావార్పు అంటే ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, రోడ్డు మీదే పంక్తి వేసి తినేవాళ్లు. దారి మూసుకుపోయేది. దాటిపోయే వాళ్లకు కూడా వడ్డించేవాళ్లు.

"జోసెఫ్, జాగ్రత్తగా విను. ఆ రియాక్టర్‌ను నువ్వు దొంగిలించావని ఎండీ గారు చెప్పారు."

"ఎవలకు జెప్పిన్రు?"

"తనిఖీకి వచ్చినవాళ్లకు. ఢిల్లీ ఆయనకు. పోలీసులకు కూడా."

అవతల డప్పు ఆగిపోయింది. తర్వాత పాట ఆగిపోయింది. అప్పుడు అతని గొంతు వచ్చింది. "చప్పుడుకు ఇనవడతలేదని ఫోన్ స్పీకర్ల పెట్టిన మేడం. మరియమ్మ ఇక్కడ్నే ఉంది. గంటె పట్టుకోని నిలవడ్డది. అందరు ఇన్నరు."

"నువ్వు ఆ లారీని వెనక్కి తీసుకురా. నేను లోపలికి వెళ్లి నిజం చెబుతాను," అన్నాను.

"పొద్దుగాల్నే జెప్పిన సారుకు," అన్నాడు జోసెఫ్. "ఖరాబయిన దాన్ని ఖరాబయిందని జెప్తె ఏమైతది, దాసుడెందుకు అన్న. ఇంటే గద."

లోపలికి వెళ్లి, కాన్ఫరెన్స్ గదిలో అందరి ముందూ చెప్పాను. దొంగతనం ఏమీ జరగలేదు, మా యజమాని తుప్పు చూసి సిగ్గుపడి ఈ ఉదయమే బయటికి పంపించారు, జోసెఫ్ ఆయన పంపితేనే వెళ్లాడు అన్నాను. ఎండీ గారు టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నారు. ఢిల్లీ అధికారి, "మేడం, మీరు కంపెనీ ఉద్యోగి. దేశ ప్రతిష్ఠ..." అని మొదలుపెట్టారు. పెద్దావిడ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది.

"ఇప్పుడు అది ఎక్కడ ఉంది?" అని నన్ను అడిగింది.

"ఎల్బీనగర్‌లో, రోడ్డు మీద. దాని చుట్టూ జనం వంట చేస్తున్నారు."

"వంట ఎందుకు?"

"ప్రత్యేక రాష్ట్రం కోసం. రోడ్డు మీద వండుకుని తింటారు. దారి ఆగుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "పొద్దున్నుంచి ఇక్కడ నేను విన్నవాటిలో ఇదొక్కటే నిజంగా శాంతియుత అవసరంలా ఉంది," అంది. నవ్విందని చెప్పలేను కానీ మొహం కొంచెం వదులైంది. తర్వాత నియమం చెప్పింది. వాళ్లకు ఉన్నది ఒక్క రోజు. ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఉన్నదే చూడగలరు. గోడ బయట ఉన్నది వాళ్ల కంటికి లేనట్టే. రియాక్టర్ లోపలికి వస్తే చూసి, చూసినట్టు రాస్తారు. రాకపోతే, కనిపించలేదని రాస్తారు. అలా రాస్తే జోసెఫ్ గతి ఏమవుతుందో ఆవిడ నియమాల్లో లేదు. ఢిల్లీ అధికారి ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట. పై నుంచి ఎంత పెద్దవాళ్లు వచ్చినా, మీకు తెలియనిది తెలియదని, తెలిసింది మీ సొంత మాటల్లో చెప్పండి. కంఠతా పట్టిన నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది. మా వంటమనిషి పాపం ఆ రోజు వండింది పప్పుచారే. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది.

గేటు గీత

తనిఖీ ఎలా ముగిసిందో ముందే చెప్పేస్తాను. పెద్దావిడ రియాక్టర్ నంబరు పలక చూసి, మూత తీయించి, టార్చి వేసి లోపలికి చూసింది. పగిలిన గాజు పూత, పేకముక్కలు, రేడియో. అవి చూశాక ఇక శాంపిల్ అడగలేదు. నివేదికలో మా మీద తప్పేమీ రాలేదు. ఎండీ గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. నిజాయితీకి మెచ్చి కాదు, ఇంకోసారి తనిఖీ వస్తే ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ లేక. జోసెఫ్ నేను రిటైరయ్యేదాకా మా దగ్గరే పనిచేశాడు. రాష్ట్రం వచ్చిన రోజు నా టేబుల్ మీద స్వీట్ల డబ్బా పెట్టి, "మీ వీసా ఒచ్చింది మేడం," అన్నాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం ఇవేవీ జరుగుతాయని ఎవరికీ తెలియదు.

ముందు డప్పులు వినిపించాయి. ఆ వెనుక లారీ. లారీ మీద మా ఆరో నంబరు రియాక్టర్, దాని నిండా జెండాలు, మెడలో ఎవరో వేసిన బంతిపూల దండ. మాయమైపోయిందని ఢిల్లీ దాకా ఫోన్లు వెళ్లిన వస్తువు ఇంత బహిరంగంగా ఊరేగుతూ రావడం నేనెప్పుడూ చూడలేదు. వెనకాల ఆటోల్లో, బైకుల మీద జనం. ఒక ట్రాలీ ఆటోలో సగం ఉడికిన గుండిగలు కూడా వచ్చాయి. పొయ్యి మీది అన్నాన్ని రోడ్డు మీద వదిలి రాలేక వెంట తెచ్చుకున్నారట.

అందరం గేటు దగ్గరికి వెళ్లాం. అప్పటికే ఎస్సై గారు ఫిర్యాదు పట్టుకుని అక్కడ కూర్చుని ఉన్నారు. సెక్యూరిటీ వాళ్లు గేటు బార్లా తెరిచారు. లారీ గేటుకు రెండు బారల దూరంలో ఆగింది. జోసెఫ్ దిగాడు. డ్రైవర్ దగ్గర లారీ తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

పెద్దావిడ గేటు పట్టాల లోపలి వైపున నిలబడి, ఎదురుగా ఉన్న రియాక్టర్ వైపు చూస్తూ, "అధికారికంగా నాకు అక్కడ ఏమీ కనిపించడం లేదు," అంది. గడియారం చూసుకుంది.

నేను బయటికి నడిచాను. "జోసెఫ్, లారీ లోపలికి పోనీ. లోపల వాళ్లకు నేను అంతా చెప్పేశాను. నువ్వు దొంగవి కావని చెప్పాను."

"ఏ భాషల జెప్పిన్రు మేడం?"

నేను చెప్పింది ఇంగ్లీషులో.

"మంచిగ జెప్పిన్రు. గని మావోళ్లకు సమజ్ గాలె. వీళ్లంత స్పీకర్ల ఇన్నది దొంగ అన్న మాట ఒక్కటే." అతను గట్టిగా మాట్లాడడం లేదు. "ఇప్పుడు నేను గేటు లోపలికి పోతె, దొంగసొమ్ము వాపస్ తెచ్చినోణ్ణి అయిత. రేపు చర్చిల ఏమంటరు? మా ఊర్లె ఏమంటరు? సారును రమ్మనుండ్రి. ఆయన్నే జెప్పమనుండ్రి."

ఎండీ గారు వచ్చారు. రావడమైతే వచ్చారు కానీ మొదట పెద్దావిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, చిన్న కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చిందని, అంతా సర్దుకుందని అన్నారు. ఆవిడ, నాకు కాదు అన్నట్టు లారీ వైపు చూపించింది. ఆయన ఎస్సై వైపు తిరిగారు. ఎస్సై గారు ఫిర్యాదు కాగితాన్ని మడత విప్పి మళ్లీ మడత పెట్టారు. ఇక తిరగడానికి వేరే దిక్కు లేక, జోసెఫ్ వైపు తిరిగారు.

"పోనీలే జోసెఫ్. అయిందేదో అయింది. లోపలికి వచ్చి మాట్లాడుకుందాం."

"ఇక్కడ్నే మాట్లాడుండ్రి సార్," అన్నాడు జోసెఫ్. "తెలుగుల."

లారీ పక్కనున్న వాళ్లెవరో ఉపన్యాసాల మైకు తెచ్చి ఎండీ గారి చేతిలో పెట్టారు. ఇంటరు పిల్లలకు ఊపిరి తీసుకోకుండా పాఠాలు చెప్పిన మనిషి. ఆ మైకును అటూ ఇటూ తిప్పి చూశారు. జనంలో ఒక్కరూ గోల చేయలేదు. అరిచినా ఆయనకు సులువుగా ఉండేదేమో. అందరూ వినడానికే నిలబడ్డారు.

"జోసెఫ్ దొంగ కాదు," అన్నారు నేల చూస్తూ. "రియాక్టర్‌ను నేనే పంపించాను. తుప్పు పట్టిందని, వాళ్లు చూస్తే బాగుండదని. అడిగితే భయపడి అబద్ధం చెప్పాను."

మైకు దింపబోయారు. గుండిగల ఆటో పక్కన మరియమ్మ నిలబడి ఉంది. ఉదయం నుంచి పొయ్యి దగ్గర ఉన్న చీర, మోచేతి దాకా పసుపు, పప్పు మరకలు. ఆమె ఏడవడం లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, దవాఖానలో పేషెంట్‌కు చెప్పినంత నెమ్మదిగా అంది.

"గట్టిగ జెప్పుండ్రి సార్. ఎనకున్నోళ్లకు ఇనవడలే."

ఎండీ గారు ఆమెను చూశారు. ఆమె వెనక, హైవే దాకా నిలబడ్డ జనాన్ని చూశారు. తర్వాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, హాలు నిండా పిల్లలున్నప్పటి గొంతుతో, మొదటి నుంచి మళ్లీ చెప్పారు.